వడియాల మీద మసి

గాలిలో కలిసే పొగ ఎక్కడిదో నమూనా కట్టి కనిపెట్టడం ఈ దేశంలో నాతోనే మొదలైంది. అరవైల చివర్లో, విజయనగరంలో, నా సొంత ప్రయోగశాలలో, పట్టణం మొత్తాన్నీ నిర్మించి మరీ తేల్చాను.

ప్రయోగశాల అంటే మా మేనత్త డాబా. పట్టణం మొత్తం అంటే మా వీధి ఒక్కటే, ఇళ్లు అగ్గిపెట్టెలు. నేనప్పుడు కాలేజీలో సైన్సు మాష్టారిని. సరే, దాచడమెందుకు, ప్రయోగాల గదిలో గాజు గొట్టాలు కడిగి అందించేవాణ్ణి.

అత్త మినప వడియాలు పెట్టి బజార్లో కొట్టుకు వేసేది. మామయ్య పోయాక ఆవిడకు అదే ఆధారం. ఆ వేసవిలో వడియాల మీద నల్లటి నలుసులు పడసాగాయి. కొట్టువాడు రెండుసార్లు తిప్పి పంపాడు. ఈసారి కూడా మసి కనిపిస్తే ఇక తేవద్దన్నాడు.

"ఆ మిల్లోడి పొగేరా ఇది," అంది అత్త.

వీధికి దక్షిణం కొసన ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. ఊక మండించి వడ్లు ఉడకబెట్టి, ముందున్న సిమెంటు కళ్లంలో ఆరబోసేవారు. యజమాని అత్తను అక్క వరస కలిపి నోరారా అప్పా అని పిలిచేవాడు గానీ నేరం మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"నా పొగే అయితే ముందు నా కళ్లంలో పడాల కదప్పా? వొచ్చి సూడు, అద్దంలా ఉంటాది. రైలింజన్ని అడుగు. లేపోతే కాఫీ హోటలోడ్ని అడుగు."

అప్పుడు నేను రంగంలోకి దిగాను. బొప్పాయి కాడలు మూడు కోసి పొగగొట్టాలుగా నిలబెట్టాను. మిల్లుకు పొడుగుది, పక్క సందులోని హోటలుకు పొట్టిది, ఉత్తరాన ఉన్న స్టేషనుకు మధ్యస్థం. వాటి అడుగున అగరొత్తి ముక్కలు వెలిగించాను. దక్షిణం నుంచి వీచే పైరగాలి కోసం భారీ యంత్రం బిగించాను; అంటే, అత్త చేతికి విసనకర్ర ఇచ్చి దక్షిణం వైపు కూర్చోబెట్టాను. మిల్లు యజమానిని కూడా పిలిచాం.

"మెల్లగా ఇసురత్తా! పైరగాలి కావాల, తుపాను కాదు."

"నా కడుపుమంట అలగుందిరా!"

హోటలు పొగ పక్క అగ్గిపెట్టెకు తగిలి చెదిరిపోయింది. స్టేషనుది మాకు దూరంగా ఉత్తరానికి పోయింది. మిల్లుది మాత్రం తన కళ్లం మీదుగా పైపైనే సాగి, నాలుగిళ్లు దాటాక వంగి, సరిగ్గా అత్త అగ్గిపెట్టె మీద వాలింది.

యజమాని నవ్వాడు. "అగరొత్తి సూపించి మిల్లు మూయించెస్తావేటి, మేష్టారూ?"

శాస్త్రం అక్కడితో అయిపోయింది. అత్త వాదన అవలేదు. నమూనాలో మిల్లు ముందు, కళ్లం ఉండే చోట వేలు పెట్టింది.

"మసి పడనిది ఇక్కడే కదేటి?"

"అవునప్పా."

"అయితే ఒరే తమ్ముడూ, నీ పొగ నా డాబాకొస్తన్నాది. రేపట్నుంచి నా ఒడియాలు నీ కళ్లానికొస్తాయి."

"మరి నా వడ్లో?"

"నాకో మూల సాల్లే!"

ఆ వారం వడియాలు తెల్లగా ఎండాయి. కొట్టువాడు మారుమాట లేకుండా తీసుకున్నాడు. నేను కళ్లంలోకి వెళితే చాలు, మిల్లు యజమాని కుర్చీలోంచి లేచి నిలబడేవాడని చాలామందికి చెప్పాను. లేచేవాడు, నిజమే. కాకుల్ని తోలడానికి.