సెంటు మామ నూనె మహిమ

ఆ వీధిలో అందరికీ ఆయన సెంటు మామే. ఆయన సెలూన్‌లో జుట్టు కత్తిరింపు ఒక సాకు మాత్రమే. ఆ తర్వాత లావెండర్ నూనె నాలుగు చుక్కలు మామూలు నూనెలో కలిపి తల మర్దనా చేస్తుంటే, ఎంతటి బ్యాంకు మేనేజరైనా కుర్చీలోనే గుర్రు పెట్టాల్సిందే. తలనొప్పి, నిద్రలేమి, పైఅధికారి మీద మంట, దేనికైనా మామ మందు అదొక్కటే.

ఏళ్ల తరబడి తలలు పిసికి పిసికి మామ మణికట్లు మొరాయించాయి. అప్పుడాయనకు ఒక ఆలోచన తట్టింది. మహిమంతా నూనెలోనే ఉన్నప్పుడు మధ్యలో ఈ చేతులెందుకు? వట్టి లావెండర్ నూనెనే సీసాల్లో నింపి అమ్ముకుంటూ దర్జాగా కూర్చోవచ్చు. సీసా మీద అంటించే చీటీ కూడా తనే రాశాడు: నిద్ర, జ్ఞాపకశక్తి, రక్తపోటు, పరీక్షల భయం. కాస్త చోటు మిగిలితే, ఖాళీ ఎందుకని "దంపతుల అన్యోన్యత" కూడా చేర్చాడు.

మామ మరదలు ఒక ఆసుపత్రిలో మందుల పరిశోధన విభాగంలో పనిచేసేది. సీసా తిప్పి చూసి, "బావా, ఇవన్నీ కుదురుతాయని ఎవరు చెప్పారు?" అంది.

"ఒకరు చెప్పేదేంటి. ఆ కుర్చీలో గురక పెడుతున్నాయన్ని అడుగు."

"ఆయన్ని నిద్రపుచ్చింది నూనో, నీ చేతులో తేలాలిగా."

మామకు రోషం వచ్చింది. తేల్చుకుందాం పదమన్నాడు. వచ్చినవాళ్లను మరదలు చీట్లు తీసి మూడు జట్లు చేసింది. ఒక జట్టుకు లావెండర్‌తో మర్దనా, ఇంకో జట్టుకు వాసన లేని నూనెతో మర్దనా, మూడో జట్టుకు వట్టి లావెండర్ వాసన. ఈ మూడో జట్టువాళ్లు ముక్కు దగ్గర దూది పెట్టుకుని బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. "మా తలలేం పాపం చేశాయి?" అని వాళ్లలో ఉన్న పక్క కొట్టు టైలర్ తగువుకు దిగాడు.

అంతా అయ్యాక మరదలు మెల్లగా చెప్పింది. "మర్దనా చేయించుకున్న రెండు జట్లకూ ఇంచుమించు ఒకేలా హాయిగా ఉంది బావా. వాసన చూసినవాళ్లకు కాస్త ఊరట, అంతే. మనది చిన్న పరీక్షేలే. కానీ పెద్ద పరీక్షల్లోనూ అంతే, కంగారు కొద్దిగా తగ్గొచ్చంటారు. మిగతావాటికి ఆధారాలు అంతంతమాత్రం. పైగా ఏ సీసాలో ఏముందో ముక్కుకు తెలిసిపోతుంది, ఇంక ఎవరికి ఏది ఇచ్చామో వాళ్లకు తెలియకుండా పరీక్షించేదెలా?"

"ఇంతకీ ఏమంటావ్?"

"మహిమ నీ చేతుల్లో ఉందంటున్నాను."

ఇంకొకరైతే పొంగిపోయేవారు. మామకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆయన విశ్రాంతి ఇద్దామనుకున్న చేతులకే సైన్సు ఉద్యోగం ఖాయం చేసింది.

అయినా మొండికేసి సీసాలు అమ్మాడు. మొదటి సీసా కొన్న టైలర్, దేంట్లోనూ కలపకుండా నూనెను నేరుగా మెడకు పట్టించి, దద్దుర్లతో వచ్చి నిలబడ్డాడు. "అన్యోన్యత సంగతి దేవుడెరుగు మామా, మా ఆవిడ దగ్గరికే రావట్లేదు," అన్నాడు. మామ మొహం మాడిపోయింది. తనే సబ్బుతో మెడ కడిగి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. తిరిగొచ్చి పాత చీటీలన్నీ గీకేసి కొత్తవి అంటించాడు: "వాసన బాగుంటుంది. నేరుగా పూసుకోకండి."

సీసాలు మునుపటికన్నా జోరుగా పోయాయి. చీటీ చదివినవాళ్లు లేరు. మర్దనా మాత్రం మామ ఉదయం పూట కొందరికే చేసేవాడు, మణికట్లకు గుడ్డ చుట్టుకుని, సైన్సును తిట్టుకుంటూ.