అత్తగారికి పంపని కబురు

మా అమ్మాయికి నాలుగేళ్లు నిండేవరకు దాన్ని పెంచింది మా అత్తగారే. మా ద్వీపంలో ఉత్తరాన ఉన్న పల్లపు ఊరు ట్రియోలేలో ఆమెకు ఇంటి వెనక కొంచెం చెరకు, ఒక ఆవు ఉండేవి. ప్రసవమయ్యాక నా భార్య చాలాకాలం మంచం దిగలేకపోయింది. నేను పట్నంలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పి, మిగిలిన పొద్దంతా సంభావ్యతా శాస్త్రంలో తల దూర్చి కూర్చునేవాణ్ణి. పసిపిల్లను చూసుకునే తీరిక లేదు, చేతకాదు కూడా. అలా పిల్ల అమ్మమ్మ చంకనెక్కింది.

నేను చేసే పని ఏమిటని మా నాన్న ఒకసారి అడిగారు. ఒక సంగతి జరుగుతుందో లేదో తెలియనప్పుడు, జరిగే అవకాశం ఎంతో లెక్క కట్టడమని చెప్పాను.

"అయితే రేపు వాన పడుద్దో లేదో సెప్పు."

"రేపటి సంగతి చెప్పలేను నాన్నా. ఇలాంటి రోజులు వంద ఉంటే వాటిలో ఎన్ని రోజులు పడుతుందో చెప్పగలను."

"వంద రోజులు నాకెందుకురా? నాను చెరకు నరకాల్సింది రేపు" అని ఆయన లేచి వెళ్లిపోయారు. ఆ మాట చెప్పుకుని నేనూ నా భార్యా చాలాసార్లు నవ్వుకున్నాం.

నాకు ఈ శాస్త్రం నేర్పిన గురువెవరూ లేరు. రిటైరైన ఒక ఫ్రెంచి సర్వేయరు పాత పుస్తకాలు పంచిపెడుతుంటే అట్ట ఊడిన ఒక గ్రంథం నాకు దొరికింది. దాన్ని మూడేళ్లు చదివాను. అర్థంకానివి పారిస్‌లోని ఒక ఆచార్యుడికి రాస్తే, ఓడలో నెలల తర్వాత జవాబు వచ్చేది. పాచిక ఒకసారి ఏం పడిందో రెండోసారికి గుర్తుండదని ఆ పుస్తకం చెప్పింది. మనిషి ఒళ్లు అలాంటిది కాదని నాకు అనిపించింది. ఒకసారి జరిగింది తర్వాత జరగబోయేదాన్ని ఎంత మారుస్తుంది? అదే నా ప్రశ్న అయింది. దానికోసం సెలవురోజుల్లో ఆస్పత్రులకు వెళ్లి, మలేరియా వచ్చిన పిల్లల వివరాలు రిజిస్టర్లలోంచి రాసుకునేవాణ్ణి. ఎవరికి ఎన్నోసారి జ్వరం, ఎవరు కోలుకున్నారు, ఎవరు కోలుకోలేదు.

పల్లపు ఊళ్లలో జ్వరం ఎక్కువని, ఎత్తుమీద తక్కువని అందరికీ తెలిసినదే నా కాగితాలూ చెప్పాయి. ట్రియోలేలో మా పిల్లకు అప్పటికే రెండుసార్లు జ్వరం వచ్చి తగ్గింది. ఎత్తుమీద మేముండే ఫీనిక్స్‌కు తెచ్చేసుకోవాలని నిశ్చయించుకున్నాను.

తీసుకురావడానికి వెళ్లిన రోజు మా అత్తగారు అడ్డు చెప్పలేదు. పిల్లకు తల దువ్వి, బట్టలు మూటగట్టి ఇచ్చారు.

"మీరు సదువుకున్నోరు, తీసుకెళ్లండి బాబూ. దీనికి ఒంట్లో బాగోపోతే మాత్రం నాకు కబురెట్టండి. అంతే నాను అడిగేది."

పెడతానన్నాను.

మూడో నెలలో మళ్లీ జ్వరం వచ్చింది. అది ఫీనిక్స్‌లో పట్టిన జ్వరం కాదు, ట్రియోలే నుంచి రక్తంలోనే వెంట వచ్చినది. డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూశాడు. క్వినైన్ ఇచ్చి, చలి వచ్చినప్పుడు దుప్పట్లు కప్పమని, చెమట పట్టినప్పుడు తుడవమని చెప్పి వెళ్లాడు. ఆయన గేటు దాటగానే నా భార్య నావైపు తిరిగింది.

"ఏమండీ, ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల పిల్లల లెక్కలన్నీ రాశారు కదా. మన పిల్ల లేస్తుందా?"

నేనొక సంఖ్య చెప్పాను. అదేమిటో ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. పదిమంది పిల్లల్లో ఇంతమంది లేచి తిరుగుతారన్నాను. అబద్ధం కాదు. జ్వరం వచ్చిన పిల్లలందరినీ కలిపి వేసిన పట్టికలోది. కానీ నా దగ్గర రెండో పట్టిక ఉంది. మా పిల్లలాగే మూడోసారి జ్వరం తిరగబెట్టిన పిల్లలది. అందులోని సంఖ్య వేరు. అది నాకు బాగా తెలుసు, నెల రోజులుగా దానిమీదే పనిచేస్తున్నాను.

ఆమె ముఖం తేటపడింది. "అయితే అమ్మకి ఇప్పుడే కబురు వద్దులెండి. చెరకు కోతల రోజులు, కంగారుపడి అన్నీ వదిలేసి వచ్చేస్తుంది."

నేను పిల్లకు దుప్పటి సర్దాను.

మూడోరోజు జ్వరం కాస్త దిగినప్పుడు పిల్ల కళ్లు తెరిచి, "అమ్మమ్మ ఎప్పుడొస్తది?" అంది. రేపొస్తుందన్నాను. రైలు స్టేషన్ ఇంటికి ఎంతో దూరం లేదు. లేచి వెళ్లి అత్తగారికి తంతివార్త ఇవ్వవచ్చు. రెండో పట్టిక నిజమవుతోందని ఒప్పుకున్నట్టవుతుందని నేను కదలలేదు. మర్నాడు మధ్యాహ్నం, నా భార్య నీళ్లు కాచుకొచ్చేలోపల, పిల్ల నా చేతుల్లోనే పోయింది.

తంతి అప్పుడిచ్చాను. మా అత్తగారు రెండు రైళ్లు మారి వచ్చేసరికి ఖననం అయిపోయింది. ఆమె ఏడవలేదు. వాకిట్లో ఆరేసిన పిల్ల పావడా తీసి మడత పెట్టుకున్నారు. మంచినీళ్లు కూడా తాగకుండా తిరుగు రైలెక్కారు.

ఏడాది దాటాక పారిస్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ పట్టికలతో రాసి పంపిన నా వ్యాసం అచ్చవుతుందట. రెండో పట్టిక చాలా విలువైనదని ఆచార్యుడు మెచ్చుకున్నాడు. మా ఇంట్లో అప్పటికి అవసరమైన మాటలు తప్ప వేరే మాటలు లేవు. ఆ రోజు నా భార్యే అడిగింది, ఉత్తరంలో ఏముందని. చదివి వినిపించాను. రెండో పట్టిక అంటే ఏమిటని అడిగింది. అదీ చెప్పాను.

"ఎప్పుడు వేశారు దాన్ని?"

"పిల్లకి జ్వరం రాకముందు."

ఆమె బియ్యం చేటలో చేతులు పెట్టి అలాగే కూర్చుండిపోయింది.

"నేను మీ మాట నమ్మి మా అమ్మకి కబురు వద్దన్నాను. ఇన్నాళ్లూ ఆ తప్పు నాదే అనుకుంటున్నాను." చేతులు దులుపుకుని అంది: "నాకు చెప్పారు, చాలదు. వెళ్లి ఆవిడకి చెప్పండి."

ఆ ఆదివారం వెళ్లాను. మా అత్తగారు అరుగు మీద ఆకుకూర ఏరుతున్నారు. కూర్చోమన్నారు. పట్టికల సంగతి నాకు చేతనైన తేలిక మాటల్లో చెప్పాను. మధ్యలో ఒక్కసారీ ఆమె తల ఎత్తలేదు.

"ఆ లెక్కలు నాకు తెలవ్వు బాబూ" అన్నారు చివరికి. "తెలిసినా నాను సేసేదేటీ లేదు. ఒక్క ముక్క సెప్పండి. పిల్ల నన్ను అడిగిందా?"

లేదని చెబితే ఆమెకు కొంత తేలికయ్యేదేమో. నాకు మాత్రం తేలికయ్యేది.

"అడిగింది. రేపొస్తుందని చెప్పాను."

ఆమె ఆకుకూర చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లారు. చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. ఆవు అరిస్తే ఎవరో పొరుగింటావిడ వచ్చి కుడితి పెట్టింది. నేను లేచి స్టేషన్ దారి పట్టాను.

ఆ తర్వాత ఆమె మూడేళ్లు బతికారు. మేము వెళితే భోజనం పెట్టేవారు, చెరకు ఎలా ఉందో చెప్పేవారు. పిల్ల మాట మళ్లీ ఎత్తలేదు. నన్ను క్షమించారో లేదో నేను అడగలేదు. ఆ వ్యాసం చూసి ఇంకొన్ని రాయమని దూరదేశాల వాళ్లు అడిగారు. రాశాను కూడా. పేరు కొంచెం వచ్చింది. నా భార్య నెమ్మదిగా నాతో మాట్లాడడం మొదలుపెట్టింది. మొదట అన్నం గురించి, తర్వాత వానల గురించి, చాలాకాలానికి పిల్ల గురించి. మాకు మళ్లీ సంతానం కలగలేదు. కాలేజీలో ఎవరైనా తండ్రి వచ్చి, జబ్బుపడిన తన బిడ్డ గురించి మీ లెక్క ఏమంటుందని అడిగితే, ముందు ఆ బిడ్డ అమ్మమ్మకీ నాయనమ్మకీ కబురు పెట్టమని చెప్పేవాణ్ణి. లెక్క చెప్పేవాణ్ణి కాదు.