అడవికి వెళ్లినవాడి భార్య

ఖరగ్‌పూర్ నుంచి నా కూతురు నన్ను సుందర్‌బన్ పులుల అడవి చూపించడానికి తీసుకెళ్లింది. చిన్న హౌస్‌బోటు, నదిలో మెల్లగా పోతుంది. చూసినంతసేపూ నీళ్లే. విసుగొచ్చి వంటచేసే పిల్ల దగ్గర కూర్చున్నాను. ముప్పయ్యేళ్లుంటాయేమో, ఆమె పాపిట్లో సిందూరం లేదు, చేతులకు బెంగాలీ ముత్తైదువలు వేసుకునే శంఖు గాజులు లేవు.

"ఏటమ్మా, నీ మొగుడు పోయి ఎన్నాళ్లయింది?" అని బెంగాలీలో అడిగాను.

"అలా అడిగేస్తావేటమ్మా?" అంది నా కూతురు.

"తప్పేటుంది? నాకూ లేడు కదా."

ఆ పిల్ల నవ్వింది. "పోలేదు మాసీ. తేనెకి అడవిలోకెళ్లినాడు. మగాడు అడవిలో ఉన్నన్నాళ్లు మా ఊర్లో ఆడోళ్లు ఇలాగే ఉంటారు. తిరిగొచ్చినాక పెట్టుకుంటారు."

మా తెలుగువాళ్లలో మొగుడుండగా బొట్టు చెరిపితే కీడంటారు. ఇక్కడ చెరిపితేనే మనిషి క్షేమంగా వస్తాడట.

"మంచిదే. ఎప్పుడొస్తాడు?"

చేప పొలుసు తీస్తున్న చేతులు ఆగాయి. "కూడా వెళ్లినోళ్లు ఎప్పుడో వచ్చేసినారు. ఇతను వెనకబడిపోయినాడన్నారు. ఎంత వెతికినా దొరకలేదు."

"ఇంట్లో ఏటంటున్నారు?"

"ఏటీ అనరు. మా అత్త రోజూ అతనికీ కలిపే అన్నం వండుతాది."

మళ్లీ చేప అందుకుంది. మా ఆయన పోయినప్పుడు ఆడవాళ్లు చుట్టూ చేరి నా గాజులు పగలగొట్టారు. ఆ చప్పుడుకే ఏడుపొచ్చింది. ఈ పిల్లకి ఎప్పుడు ఏడవాలో చెప్పేవాళ్లు కూడా లేరు.