ఇంటి మాట అందించకూడదు

ఈ ఊళ్ళో దుమ్ము ముందు ముక్కుకి తెలుస్తుంది, తరవాతే కంటికి. పొద్దున స్టాఫ్ రూమ్ కిటికీ సందులోంచి ఆ వాసన వచ్చింది. ఎండిన సున్నాన్నీ పాత గోనెసంచినీ కలిపి దులిపినట్టుండే వాసన. మధ్యాహ్నానికి ఎదురు బిల్డింగ్ కనబడడం మానేసింది. కువైట్‌లో మా హవల్లీ వైపు బడులన్నీ తొందరగా వదిలేస్తున్నామని తల్లిదండ్రులకి ఫోన్లలో సందేశాలు పంపించాయి. సరిగ్గా అప్పుడే మా గేటు దగ్గరి కొత్త మెషిను మొరాయించింది. కార్డు చూపిస్తే కీచుమని అరిచి పిల్లల ఫోటో చూపించే మెషిను అది. దాన్ని బిగించిన రోజు ప్రిన్సిపాల్ గారు రిబ్బన్ కత్తిరించి, ఇక మన పిల్లల భద్రతకి ఢోకా లేదన్నారు. ఇవాళ ఆయనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, ఇప్పుడెలా మేడమ్ అన్నట్టు నా వైపు చూశారు. నేను కంగారు పడలేదు. గేటు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ముందుగా వచ్చినావిణ్ణి, "ఇంటి మాట చెప్పండి" అని అడిగాను. ఆ అడగడం నేను కనిపెట్టింది కాదు. సత్యవతి మేడమ్ దగ్గర నేర్చుకున్నది.

సత్యవతి మేడమ్ నేను ఈ బడిలో చేరేనాటికి కేజీ పిల్లల విభాగానికి సూపర్వైజర్. అమలాపురం దగ్గరి మనిషి. పొట్టిగా, గుండ్రంగా, గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, కాళ్ళకి మాత్రం ఆటల పీరియడ్లో పిల్లలు వేసుకునేలాంటి తెల్ల బూట్లు తొడుక్కుని తిరిగేది. చీర మీద బూట్లేమిటండీ అని ఎవరైనా నవ్వితే, పిల్లలు రోడ్డు మీదకి పరిగెడితే నేను చెప్పులు వెతుక్కోవాలా అనేది. నేను విజయనగరం నుంచి పెళ్ళయి వచ్చి, మా ఆయన పొద్దున్నే ఫర్వానియాలో ఉద్యోగానికి వెళ్ళిపోతే ఒంటరిగా గోడలు చూడలేక టీచరుగా చేరాను. పాఠం చెప్పడమే టీచరు పని అనుకుని వచ్చినదాన్ని. మేడమ్ లెక్కలో పాఠం చిన్న పని. బడి వదిలాక ఎవరి పిల్లని వాళ్ళ చేతిలో పెట్టడం అసలు పని.

చేరిన వారంలోనే నాకు తలంటింది. ఒక పిల్లవాడి కోసం ఎవరో వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. ఎవరొచ్చారని మేడమ్ అడిగితే, వాళ్ళ ఆంటీ అని చెప్పాను. మేడమ్ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అమ్మాయ్, ఈ కువైట్‌లో నువ్వూ ఆంటీవే, నేనూ ఆంటీనే. ఆంటీ అన్నది పేరు కాదు, చుట్టరికమూ కాదు. ఆవిడ పేరేంటో, ఈడి ఇంట్లో ఆవిడ ఎవరో కనుక్కునిరా."

నాకు ఒళ్ళు మండింది. ఆ వచ్చినావిడ చూస్తే ఎంతో మర్యాదగా ఉంది, పైగా పిల్లవాడికి బిస్కెట్ ప్యాకెట్ కూడా తెచ్చింది. కానీ మెల్లగా నాకే అర్థమైంది. మనవాళ్ళు పరాయి దేశం వచ్చాక చుట్టరికాలు తగ్గవు, ఊరుతాయి. పక్క ఫ్లాట్ వాళ్ళు పిన్నీ బాబాయిలు, నాన్నతో రూమ్ పంచుకున్నవాడు పెదనాన్న, వారానికోసారి చేపలు తెచ్చిచ్చేవాడు మావయ్య. మన పిల్లలకి అడ్డు చెప్పడం చేతకాదు. తెలుగు మాట వినబడితే చాలు, చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతారు. అందంగా ఉండే ఆ అలవాటే గేటు దగ్గరికొచ్చేసరికి గుండెల్లో రాయి పడేలా చేస్తుంది.

దానికి మేడమ్ పెట్టిన విరుగుడే ఇంటి మాట. ప్రతి పిల్లా వాళ్ళమ్మతో కలిసి ఒక మాట అనుకోవాలి. ఎవరు తీసుకెళ్ళడానికి వచ్చినా ఆ మాట చెప్పాలి. ఏ మాటైనా పరవాలేదు గానీ, పిల్లకి నోరూరాలి, అప్పుడే గుర్తుంటుంది అనేది మేడమ్ సిద్ధాంతం. దాంతో మా కేజీ విభాగం కాస్తా వంటిల్లయిపోయింది. ఒకరిది పెసరట్టు, ఒకరిది పులిహోర, ఇంకొకరిది పనసపొట్టు కూర. మా గేటు కాపలాదారు అబూ కరీమ్ ఈజిప్టు మనిషి. ఆయన నాలుకకి ప అక్షరం పలకదు. "బెసరత్తు" అని గట్టిగా అరిచి, సరిగ్గా చెప్పానా అని మా వైపు చూసేవాడు. పొడవాటి తెల్ల బండిలోంచి దిగిన పెద్దమనుషులు గేటు బయట నిలబడి "బులిహోర" అని ఆయన పలుకుబడిలోనే ఆయనకి అప్పజెబుతుంటే, లోపల పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవారు. చిన్నతనంగా ఉందని కొందరు తండ్రులు ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు చేశారు. మేడమ్ వాళ్ళని కూర్చోబెట్టి, టీ తాగించి, పిల్లల్ని భయపెట్టి జాగ్రత్త నేర్పితే రాత్రుళ్ళు నిద్రపోరనీ, నవ్విస్తూ నేర్పితే ఆటనుకుంటారనీ చెప్పి పంపించేది. వాళ్ళు మారు మాట్లాడకుండా వెళ్ళేవారు. మేడమ్ టీలో అల్లం అంత ఘాటుగా ఉండేది మరి.

ఇలా హాయిగా నడుస్తుండగా, ఇవాళ్టిలాగే ఒక దుమ్ము రోజు వచ్చింది.

ఆ రోజూ బడి తొందరగా వదిలేశాం. పిల్లలందరికీ మూతికి మాస్కు, తలకి చున్నీయో తువ్వాలో చుట్టేశాం. ఎవరెవరో మాకే తెలియడం లేదు. నా క్లాసులో లయ అని ఒక పిల్ల ఉండేది. బుగ్గలు, రెండు పిలకలు, ఆగని నోరు. వాళ్ళమ్మ ఫర్వానియా ఆసుపత్రిలో నర్సు. డ్యూటీలోంచి రాలేనని, తన తమ్ముణ్ణి పంపిస్తాననీ, అతనికి వీలుకాకపోతే అతనే ఎవరినైనా పంపుతాడనీ ఫోన్ చేసి చెప్పింది. ఆ తమ్ముడు వాళ్ళింట్లోనే ఉంటాడు. లయకి మామ అంటే ప్రాణం.

కాసేపటికి దుమ్ములోంచి ఒకావిడ వచ్చింది. మొహానికి స్కార్ఫు బిగించి చుట్టుకుంది, కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. గాలి హోరులో అబూ కరీమ్‌కి ఏదో పేరు చెప్పింది. ఆయన లోపలికి తిరిగి లయా అని కేక పెట్టాడు. నేను లయని తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను.

"పాప కోసం వచ్చేనండి. మామా పంపి..." మిగతాది గాలి ఎత్తుకుపోయింది.

తెలుగు. అదీ గోదావరి జిల్లాల తెలుగు. నాకు ప్రాణం లేచొచ్చింది. లయ ఎగిరి గంతేసి, మా మామ పంపించాడు అని ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. నేను మాత్రం పద్ధతి ప్రకారం ఇంటి మాట అడిగాను. ఆవిడ తెల్లబోయి చూసింది. ఆ చూపుకి లయ మనసు కరిగిపోయింది కాబోలు, మాస్కు కిందికి లాగి, "పూతరేకు అను ఆంటీ" అని అందించింది. ఆవిడ అయోమయంగా, పూతరేకా అంది. అబూ కరీమ్ మొహం విప్పారింది. బూతరేకు, సహ్ సహ్, సరిపోయిందంటూ తలుపు గడియ తీశాడు.

"గడియ వెయ్యి" అని వెనకనుంచి వినబడింది. సత్యవతి మేడమ్ తెల్ల బూట్లతో మా ఇద్దరి మధ్యలోకి వచ్చి నిలబడింది. ఒక చెయ్యి లయ భుజం మీద వేసి, ఆ వచ్చినావిడ దగ్గరగా మొహం పెట్టింది.

"ఎవరు పంపేరమ్మా నిన్ను?"

"మామా పంపిందండి."

"పంపిందా, పంపేడా?"

"పంపిందండి."

"మామ అయితే పంపేడు అనాలి కదమ్మా. మీ మామ ఆడా, మగా?"

"ఆడమనిషేనండి. మా ఇంటి మామా."

అప్పుడు వెలిగింది మాకు. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మనవాళ్ళు యజమానురాలిని మామా అంటారు. లయకి మామ అంటే అమ్మ తమ్ముడు. ఈవిడకి మామా అంటే జీతమిచ్చే అరబ్బు ఇంటావిడ. ఆవిడ స్కార్ఫు తీసి చెప్పింది. పేరు దీనమ్మ, నరసాపురం దగ్గర ఊరు, కువైట్ వచ్చి ఇంకా కాళ్ళు నిలదొక్కుకోలేదు. వాళ్ళ మామా చెల్లెలి కూతురు లయాన్‌ని బడినుంచి తీసుకురమ్మన్నారు. ఆ పిల్లని ఇంతవరకూ చూసింది లేదు. డ్రైవర్ సందు చివర బండి ఆపి, నీలం గేటు అని చెప్పాడు. దుమ్ములో ఆవిడకి మా గేటే నీలంగా కనబడింది. లయాన్ అన్న పేరులో సగం గాలికి పోయి మా లయ మిగిలింది.

దీనమ్మ అక్కడే మెట్టు మీద చతికిలబడింది. పరాయి పిల్లని తీసుకెళ్ళబోయానా అనీ, ఆ పిల్ల అక్కడెక్కడో ఏడుస్తోందేమో అనీ వణికిపోయింది. ఇంకొక్క క్షణం ఉంటే లయ ఆ పసుపు చీకట్లోకి నవ్వుకుంటూ వెళ్ళిపోయేది. అబూ కరీమ్ పోలీసుకి ఫోన్ చెయ్యమంటావా అన్నట్టు సైగ చేశాడు. మేడమ్ తల అడ్డంగా ఊపింది. దీనమ్మని లేవదీసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పద, నీ పిల్లని వెతుకుదాం అని దుమ్ములోకి నడిచింది. వెళ్ళేముందు వంగి లయ చెవిలో ఏదో చెప్పింది.

తిరిగొచ్చేసరికి మేడమ్ కనురెప్పల మీద కూడా శనగపిండి చల్లినట్టుంది. సందు మలుపులో ఉన్న ఇంకో బడిలో లయాన్ దొరికింది. దీనమ్మ వెళ్ళిన వెంటనే పిల్లని ఇచ్చెయ్యబోతే, మేడమే ఆపి, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో ముందు మామాకి ఫోన్ చేయించిందట. నాకు నవ్వొచ్చింది. పక్క బడికి వెళ్ళి కూడా తన గేటే కాసొచ్చింది.

ఆ రోజుకి అసలు కొసమెరుపు తరవాత జరిగింది. లయ సొంత మామ దగ్గుకుంటూ వచ్చాడు. అబూ కరీమ్ అడిగితే ఇంటి మాట గుర్తులేదన్నాడు. కాజా అన్నాడు, అరిసె అన్నాడు, గేటు ఊచల్లోంచి, లయా నేనే కదే, చెప్పవే అని బతిమాలాడు. లయ రెండు చేతులతో నోరు మూసుకుని, ఆకాశం వైపు చూస్తూ నిలబడింది. అక్కకి ఫోన్ చేసి పూతరేకు అన్న మాట పట్టుకొచ్చేదాకా ఆ పిల్ల చేతులు తియ్యలేదు. మేడమ్ అతనికి మంచినీళ్ళిచ్చి, ఏమనుకోకండి బాబూ, మీ మేనకోడలు బంగారం అంది. అందరూ వెళ్ళిపోయాక స్టాఫ్ రూమ్‌లో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. తరవాత ఇద్దరం టీ పెట్టుకున్నాం.

మర్నాటినుంచి కొత్త ఆట మొదలైంది. మేడమే స్కార్ఫు చుట్టుకుని, కర్ర పట్టుకుని ముసలమ్మలా వచ్చేది. ఇంటి మాట మరిచిపోయానమ్మా, కాస్త అందించు అని దీనంగా అడిగేది. అందించినవాళ్ళు అవుట్. మొదట్లో అందరూ అవుటే. మన పిల్లలు జాలిపడడానికి ముందుంటారు. పెద్దవాళ్ళకి సాయం చెయ్యాలని ఇంట్లో మనమే నేర్పుతాం కదా అని ఒక తల్లి అడిగితే, మేడమ్ చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"సాయం కావాలంటే పెద్దోళ్ళు పెద్దోళ్ళనే అడుగుతారండి. పసిపిల్లని అడిగేరంటే, ఆ పిల్ల చెయ్యాల్సిన సాయం ఒకటే, మిస్‌ని పిలవడం."

ఇంటి మాటని గేటు దగ్గర అరవడం కూడా మానిపించింది. వచ్చినవాళ్ళు టీచరు చెవిలోనే చెప్పాలి. అబూ కరీమ్ చాలాకాలం బెంగపెట్టుకున్నాడు. దీనమ్మ సెలవు రోజు చర్చికి వెళ్ళి వస్తూ అప్పుడప్పుడు మేడమ్‌ని చూడ్డానికి వచ్చేది. గేటు దగ్గర నిలబడి, నన్ను మామ పంపేడండి అని నవ్వేది.

ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు ఇక పొడిగించరని తెలిశాక మేడమ్ సామాను సర్దుకుంది. ఏడుపులూ వీడ్కోలు సభలూ వద్దని, ఆఖరి రోజు కూడా బడి వదిలేదాకా గేటు దగ్గరే నిలబడింది. అందరూ వెళ్ళిపోయాక బూట్లకంటిన దుమ్ము దులుపుకుని, ఖలాస్ అమ్మాయ్, ఇక నీ గేటు అంది. ఆ మాటకి నాకు ఎంత భయం వేసిందో అంత గర్వం కూడా వేసింది. ఇప్పుడు అమలాపురంలో మనవలతో వేగుతోంది. ఆ మధ్య కొత్త నంబరునుంచి ఫోన్ చేసి, నేనేనే అంది. నేనంటే ఎవరో, ఇంటి మాట చెప్పమన్నాను. ఆవిడ నవ్విన నవ్వుకి మా ఆయన పక్క గదిలోంచి వచ్చి ఎవరే అని అడిగారు.

ఇవాళ సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయి ఒక్క పాపే మిగిలింది. కోనసీమనుంచి చూడ్డానికి వచ్చిన వాళ్ళ తాతగారు పంచె పైకి కట్టుకుని, దుమ్ములో పడి వచ్చి గేటు ముందు నిలబడ్డారు. మొహం చూస్తే సొంత తాతే అని ఎవరైనా చెప్తారు. పాపకి ఉన్న చెవులే ఆయనకీ ఉన్నాయి. ఇంటి మాట అడిగితే ఆయన నుదురు కొట్టుకున్నారు. పొద్దున కోడలు చెప్పిందనీ, ఏదో తీపి వస్తువనీ, నాలిక చివరే ఉందనీ అన్నారు. మనవరాలి వైపు ఆశగా చూసి, "చెప్పమ్మా, తాత కదా" అన్నారు. ప్రిన్సిపాల్ గారు కూడా పోనివ్వండి మేడమ్ అన్నట్టు చూశారు. నేను పాప వైపు చూశాను. సత్యవతి మేడమ్ ఈ దేశం వదిలి వెళ్ళేటప్పటికి ఆ పిల్ల పుట్టనే లేదు. తాతగారిని చూసి, నన్ను చూసి, కళ్ళు మెరిపించి, రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. తాతగారికి సున్నుండ గుర్తొచ్చి నా చెవిలో చెప్పేదాకా ఆ చేతులు దిగలేదు.