ఒడిబియ్యంతో రైలుకట్ట మీద

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, కాళ్ళు చాపుకున్నా నేనేమీ అనుకోను. ఆ రోజుల్లో, నాకు కొత్తగా పెళ్ళయినప్పుడు, నా కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇంట్లో ఉంటే వీధిలోకి, వీధిలో ఉంటే ఊరి బయటికి ప్రాణం లాగేది. (ఇప్పుడు మంచం దిగి గడప దాకా పోవాలన్నా ఆలోచిస్తాను, నవ్వకండి.)

మా పుట్టిల్లు నంద్యాల దగ్గర పల్లె, అత్తగారిల్లు ఆళ్ళగడ్డ దాపున. ఆషాఢం పోయాక, పెళ్ళిలో మా నాయన పెట్టిన సైకిలు తొక్కుకుంటూ మా ఆయన నన్ను కాపురానికి తీసుకుపోవడానికి వచ్చాడు. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి గిన్నెలు నా కొంగులో పోసి అమ్మ నడుముకు గట్టిగా కట్టింది. ఒడిబియ్యంతో గడప దాటిన ఆడబిడ్డ అత్తగారింట్లో దేవుడి ముందే ఒడి విప్పాలి, అందాకా మళ్ళీ పుట్టింటి గడప తొక్కకూడదు. పైగా దీపాలు పెట్టే వేళకు కోడలు ఇంట్లో ఉండాలని మా అత్త కబురు చేసింది. తప్పితే ఆ మాట ఏళ్ళ తరబడి పడాలి. అమ్మ మాత్రం కంట నీరు పెట్టలేదు. పొద్దు పోతాంది, పోండి అని లోపలికి తిరిగింది. అది నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఊరు దాటగానే రోడ్డు పక్కన రైలుకట్ట కనిపించింది. ఎప్పుడో కాలువ కట్టేటప్పుడు కొండ కింద గని నుంచి రాళ్ళు మోయడానికి వేసిన చిన్న రైలు. పట్టాలు పీకేసి, గరుసుమట్టి పోసి సైకిళ్ళ బాట చేస్తున్నారు. ఎర్రగా, నున్నగా పిలుస్తున్నట్టే ఉంది.

"ఏమప్పా, దీని మీద పోదాం. ముందర మళ్ళీ రోడ్డుకే కలుస్తాదంట."

"ఎవురు చెప్పినారు?"

"అందరూ చెప్తాండారు," అన్నాను. (ఎవరూ చెప్పలేదు.)

కాసేపు సైకిలు గాలిలో తేలినట్టు పోయింది. అంతలో గరుసు అయిపోయింది. పట్టాల కింది దుంగలు పీకిన గుంతలు వరసగా మొదలయ్యాయి. ఒక్కో గుంతకు కొబ్బరి గిన్నెలు నా డొక్కలో పొడిచాయి. ఇక దిగి, ఒడిని రెండు చేతులా పట్టుకుని నడిచాను. చేనిలో కలుపు తీసే ఆడవాళ్ళు నన్ను పైనుంచి కిందికి చూసి ఎన్నో నెలమ్మా అని అడిగారు. మా ఆయన నేనెవరో తెలియనట్టు సైకిలు తోసుకుంటూ ముందుకు ఉరికాడు.

గని దగ్గర కట్ట రెండుగా చీలింది. ఎడమకు రాళ్ళు, కుడికి కొత్త గరుసు. ఆయన ఎడమ అన్నాడు. గరుసు పోసిన పక్కే కదా దోవ అని నేను కుడికి లాగాను. కొండ చుట్టి వచ్చేసరికి చక్కని ఊరు కనిపించింది. మా ఊరి కన్నా ఇది ఎంత బాగుందో అన్నాను. మొదటి మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తున్న ఆమె ఇటు తిరిగింది. మా పిన్నమ్మ!

"ఏందిమే, అప్పుడే మొగునితో కొట్లాడి వచ్చినావా?"

బాట పని మా ఊరికి రెండు పక్కలా మొదలుపెట్టారట, కొండ చుట్టి మళ్ళీ మా ఊరికే వచ్చి పడ్డాం. పుట్టి పెరిగిన ఊరిని వెనక నుంచి నేనెన్నడూ చూడలేదు మరి.

అమ్మ గడపలో నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆడే నిలబడు. అల్లునికి అడ్డం లేదు, నువ్వు రాప్పా." ఆయన దర్జాగా లోపలికి పోయి పీట మీద కూర్చున్నాడు. నేను ఎండలో, ఒడి పట్టుకుని, సొంత ఇంటి ముందు బిచ్చానికి వచ్చినట్టు నిలబడ్డాను.

అమ్మ లోపలికి పోయి, సంగటి గిన్నె, నీళ్ళ చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. వాకిట్లో బండ మీద నన్ను కూర్చోబెట్టి పక్కనే చతికిలబడింది.

"నువ్వు లోపలికి రాకూడదు గానీ, నేను బయటికి రాకూడదని ఎవురు చెప్పినారు?"

అని ముద్ద నోట్లో పెడుతూ, పొద్దున దాచుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

సైకిలు బస్సు మీద వేసుకుని మేము చేరేసరికి మా అత్త దీపం ముట్టించబోతూ అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని ఉంది. దేవుడి ముందు ఒడి విప్పాను. బియ్యంలో ఈ ఎర్రమన్ను ఏందని ఆమె అడిగితే, మా ఆయన నా వైపు చూడకుండా, "ఆ పక్క బియ్యమే అట్లుంటాయిమ్మా," అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆ బాట నాకు తెలిసి పూర్తి కానే లేదు. ఇప్పటికీ ఆ పక్క బస్సులో పోతుంటే నా మెడ దానికదే కొండవైపు తిరుగుతుంది. మోకాళ్ళు ఒప్పుకోవు గానీ, నాలోని ఆ పిచ్చిపిల్ల ఇంకా కుడికే పోదామంటుంది. అక్కడ బండ మీద అమ్మ లేదని దానికెవరు చెప్పాలి?

మీ ఇండ్లు చల్లగా ఉండాలి తల్లీ. మీ ఆడబిడ్డల ఒడి ఎప్పుడూ నిండుగా ఉండాలి, వాళ్ళ కోసం గడప దాటి వచ్చే మనిషి ఇంట్లో ఉండాలి.