శనివారం గోళీలు

మొన్న పొద్దున నిజామాబాదులోని మా ఇంటికి ల్యాబు నుంచి రక్తం తీసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. మా మనవరాలు ఫిట్స్‌కు గోళీలు వాడుతోంది, ఆ మందు ఒంట్లో సరిపడా ఉందో లేదో అప్పుడప్పుడు చూపించుకోవాలి. చేతికి రబ్బరు పట్టీ కడుతూ ఆ అమ్మాయి, "ఈ వారంల గోళీలు ఏమన్న తప్పినయా అమ్మా?" అని అడిగింది. ఒకప్పుడు ఆ ప్రశ్న నన్నూ అడిగారు.

మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆడపిల్లకు మూర్ఛ ఉందంటే పక్కింటివాళ్లకు కూడా తెలియనిచ్చేవాళ్లు కాదు. మాది కోటగిరి. నాన్నను బాపు, అమ్మను అవ్వ అనేవాళ్లం. బాపు చెరుకు బండి తోలుకొని బోధన్ ఫ్యాక్టరీకి పోతే అవ్వ, నేను, నాకంటే మూడేళ్లు చిన్నదైన మా చెల్లె బీడీల చాటలు ఒళ్లో పెట్టుకొని కూర్చునేవాళ్లం. నేను ఒక కట్ట చుట్టేలోపు అది రెండు కట్టలు పక్కన పడేసి నన్ను వెక్కిరించేది. అలా చుడుతూ చుడుతూనే ఒక్కోసారి తునికాకుల మీదికి ఒరిగిపోయేది. నిజామాబాదులో ఒక డాక్టరు గోళీలు రాసిన తర్వాత మూర్ఛ చాలావరకు తగ్గింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. జబ్బు పూర్తిగా పోవాలని అవ్వ దాని చేత శనివారం ఒక్కపొద్దు మొక్కించింది. సాయంత్రం దీపం పెట్టేదాకా నోట్లో నీళ్లు కూడా పోసుకోదు, ఇక పొద్దటి గోళీ ఎక్కడిది? పారేయడానికి మనసొప్పక ఆ గోళీలను ఖాళీ తంబాకు డబ్బాలో దాచేవాళ్లం. ఇంతలో నెత్తురు పరీక్షకు రమ్మన్నారు. మందు తక్కువ కనబడితే డాక్టరు తిడతాడని నాకు ఒకటే బెంగ. అందుకని ముందురోజు నేనే డబ్బా తీసి, మిగిలిన గోళీలన్నీ చెల్లె చేత మింగించాను. బస్సులో అది కళ్లు తేలేసి, నిలబడితే తూలుతూ నా భుజం మీదే పడుకుంది. ప్రయాణం పడలేదనుకున్నాను.

గోళీలు రోజూ వేస్తున్నారా అని డాక్టరు అడిగితే, "ఒక్క పూట తప్పలే సార్" అని చెప్పింది నేనే. నెత్తురు హైదరాబాదు పోయి ఫలితం రావడానికి పది రోజులు పట్టింది. మందు ఒంట్లో మరీ ఎక్కువైందని ఆయన రోజుకు ఒక గోళీ తగ్గించాడు. మందు తగ్గిందంటే మొక్కు ఫలించినట్టేనని అవ్వ ఇంటికి రాగానే దేవుడికి బెల్లం పెట్టింది.

మందు తగ్గించాక నాలుగో శనివారం చెల్లె బట్టలు ఉతకడానికి కాలువకు పోయింది. ఎప్పుడూ వెంట పోయేదాన్ని, నయమవుతోంది కదా అన్న ధైర్యంతో ఆ రోజు బీడీల ముందే కూర్చుండిపోయాను. మోకాలి లోతు నీళ్లలో బోర్లా పడి ఉన్నదాన్ని చెరుకు చేలో పనిచేసేవాళ్లు మోసుకొచ్చారు, అప్పటికే ఊపిరి లేదు. ఆ పొద్దటి గోళీ తంబాకు డబ్బాలోనే ఉంది. అవ్వ కాలువను తిట్టింది, దేవుణ్ణి తిట్టింది, తాను పోయేదాకా తిడుతూనే ఉంది. నేను మింగించిన గోళీల వల్లే డాక్టరు మందు తగ్గించాడని నాకు మెల్లగా అర్థమైంది గాని, నన్ను తిట్టమని ఆమెకు చెప్పే ధైర్యం రాలేదు.

ఇప్పుడు పొద్దున రక్తం ఇస్తే ఫలితం ఫోనుకే వస్తుంది. ఫిట్స్ సంగతి మా మనవరాలు స్నేహితురాళ్లకు దాచకుండా చెప్పుకుంటుంది, వింటుంటే హాయిగానూ ఉంటుంది, చెల్లె కూడా గుర్తొస్తుంది. కానీ మొన్న మా కోడలు కొంచెం నవ్వి, "ఏం తప్పలేదమ్మా" అంది. పెళ్లికి వేల్పూర్ పోయి పిల్ల రెండు పూటలు గోళీ మరిచిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"రెండు పూటలు తప్పినయ్, రాసుకో బిడ్డా," అన్నాను.

కోడలు నావైపు గుర్రుగా చూసింది. ఆ అమ్మాయి ఎవరినీ తిట్టలేదు, కాగితం మీద రాసుకుంది. ఆ ఒక్క మాటే నేను ఆనాడు చెప్పాల్సింది.