పంతులుగారి పేరు మీద మూడు వ్యాసాలు

విజయనగరంలో ఒక కాలేజీ లైబ్రరీలో మైలపల్లి ఎల్లాజీ టెంపరరీ గుమాస్తా. పదమూడేళ్లుగా టెంపరరీయే. అన్నేళ్లు పనిచేసినవాణ్ణి ఇంకా టెంపరరీ అని ఎలా అనగలిగారో ఆ కాలేజీవాళ్లకే తెలియాలి. 1968 మార్చి ఆఖరుతో ఆ కొలువు కూడా రద్దని జనవరిలో కాగితం వచ్చింది. అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టు ఒకటి ఖాళీ ఉంది గానీ దానికి డిగ్రీ కావాలి. డిగ్రీ లేకపోయినా, సొంతంగా పరిశోధన చేసి అచ్చువేయించినవాళ్లను తీసుకోవచ్చని ప్రకటన అడుగున ఒక వాక్యం ఉంది. ఎల్లాజీ ప్రాణాలన్నీ ఆ వాక్యం మీదే ఉన్నాయి.

ఉండవా మరి? తమ్ముళ్లు సముద్రం మీద చేపల వేటకు వెళ్లే వయసులో ఇతను బడికి వెళ్లాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చాక తెప్ప ఎక్కితే కక్కుకోవడం తప్ప ఏం చేతనవుతుంది? ఇంట్లో పెళ్లాం బుల్లమ్మ, ముగ్గురు పిల్లలు. ఈ ఉద్యోగం పోతే వాళ్లకు తిండి పెట్టే దారి అతనికి ఒక్కటీ కనిపించలేదు.

పరిశోధన అన్నది అబద్ధం కాదు. లైబ్రరీకి వచ్చే పత్రికల్లో వేల వ్యాసాలు. వరి తెగుళ్ల మీద ఏమేం వచ్చాయో చెప్పమని ఏ లెక్చరరైనా అడిగితే రెండు రోజులు బూజు దులపాలి. ఎల్లాజీ తల్లి అసిరమ్మ అమ్మకానికి చేపల్ని మొప్పల్లోంచి తాటి ఈనెకు గుచ్చేది. మొప్ప చిరిగిన చేప ఈనెకు నిలవక జారిపడేది. చిన్నప్పుడు చూసిన ఆ సంగతి పట్టుకున్నాడు. వ్యాసానికో అట్టకార్డు రాసి, దాని అంచున వరసగా చిల్లులు వేశాడు. వ్యాసంలో ఏ విషయం ఉంటే దానికి చెందిన చిల్లుల్ని అంచుదాకా కత్తిరించాడు. కార్డుల కట్టలో ఆ విషయం చిల్లుల్లోంచి గొడుగు ఊచలు దూర్చి పైకెత్తితే, కావలసిన కార్డులు వాటంతటవే రాలిపడ్డాయి. చిల్లుల కార్డులు విదేశాల్లో అంతకుముందే ఉన్నాయట. కానీ చిల్లుల్ని మూడేసి చొప్పున జతచేసి, ఇరవై చిల్లుల్లో నాలుగువందల విషయాలు ఇమిడ్చిన లెక్క అచ్చంగా ఎల్లాజీదే.

ఆ లెక్క మీద మూడు వ్యాసాలు రాశాడు. ఇంగ్లీషు దిద్దింది అప్పటి లైబ్రేరియన్ గణపతిరావు పంతులుగారు. "పేరు ఎవరిది పెట్టాలో నువ్వే చూసుకోరా" అన్నారాయన, పాపం. చేపలవాళ్ల పిల్లాడైన తనకు కుర్చీ చూపించి కూర్చోమన్న మనిషి. ఆయన పేరు పక్కన తన పేరు పెట్టుకుంటే కళ్లు నెత్తికెక్కినట్టే అనుకున్నాడు ఈ వెర్రిబాగులవాడు. మూడింటి మీదా పంతులుగారి పేరొక్కటే టైపు చేశాడు. అచ్చులో చూసుకుని మురిసిపోయాడు కూడా.

నాలుగేళ్లలో పదకొండుమంది పండితులు, ఢిల్లీవాళ్లూ లండన్‌వాళ్లూ, ఆ వ్యాసాలను తమ వ్యాసాల్లో పేర్కొన్నారు. ఎక్కడెక్కడ పేర్కొన్నారో ఎల్లాజీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. పదకొండుచోట్లా ఉన్నది గణపతిరావే.

సంగతి విని బుల్లమ్మ నెత్తి బాదుకుంది. "ఓలమ్మో! రాసింది నువ్వు, పేరు ఆ బాబుదెట్టినావేటి? నీ సేత్తో నువ్వే ఒగ్గేసుకున్నావు. ఇప్పుడు నువ్వు రాసినావంటే ఎవులు నమ్ముతారు?"

"నమ్మరే."

"అయితే ఎల్లి ఆయన్నే అడుగు. పిల్లలు పస్తులుంటే నీ సిగ్గు ఏటి సేసుకుంటాం?"

పంతులుగారు రిటైరై పాతపట్నంలో కూతురింట ఉంటున్నారు. ఎల్లాజీ రెండు బస్సులు మారి వెళ్లేసరికి ఆయన మంచం మీద ఉన్నారు, పుల్లలా అయిపోయి. ఎల్లాజీ వచ్చిన పని ఎలాగో చెప్పుకున్నాడు, చెబుతూనే ఏడ్చేశాడు.

"ఉత్తరాలన్నీ నా పేరనే వచ్చేవిరా. మొదట్లో సిగ్గేసేది. రానురాను నాదేననుకోడం అలవాటైపోయింది. తప్పు నాది" అన్నారు పంతులుగారు. తన సొంత దస్తూరీతో రెండు పేజీలు రాశారు. ఆలోచన, లెక్క, రాత అన్నీ ఎల్లాజీవేననీ, తను భాష మాత్రం దిద్దాననీ దాపరికం లేకుండా రాసి సంతకం చేశారు. ఆ కాగితాన్ని చొక్కా లోపల పెట్టుకుని, దారంతా తడుముకుంటూ ఇంటికొచ్చాడు ఎల్లాజీ.

ఆ పోస్టుకు మనిషిని ఎంచే కమిటీ గురువారం కూర్చుంది. అధ్యక్షుడు పెద్దమనిషే, చెడ్డవాడు కాదు. ఆయన ఉత్తరం పైకి చదివి కళ్లకద్దుకున్నాడు.

"ఎంత పెద్ద మనసండీ!" అన్నాడు పక్కవాళ్లతో. "కింద పనిచేసినవాడి కడుపు నిండడం కోసం తన కీర్తిని కూడా వదులుకుంటున్నారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?" తక్కిన ఇద్దరూ తలలూపారు. ఉత్తరం చేతులు మారింది. అందరూ పంతులుగారికి మనసులోనే దండం పెట్టుకున్నట్టున్నారు.

ఎల్లాజీ ఒక అడుగు ముందుకు వేశాడు. "దయ కాదండి, అది నిజవేనండి బాబూ. ఒట్టండి, అది నా పనేనండి."

"మరి నీ పేరు వ్యాసంలో ఎక్కడైనా ఉందా?"

"ఉన్నాదండి!" ఎల్లాజీ గభాలున పత్రిక తీసి ఆఖరి పేజీ విప్పాడు. "సివర్న ఉన్నాది, సూడండి."

అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకుని ఆ ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చెబుతూ చదివాడు. "కార్డులను చక్కని చేతిరాతతో నకలు తీసిపెట్టిన గుమాస్తా ఎల్లాజీకి కృతజ్ఞతలు." తల ఎత్తాడు. "చూశావా, నువ్వెంత చేశావో అంతా పంతులుగారు మరిచిపోకుండా రాశారు."

"ఆ ముక్క ఆయన రాయలేదండి" అన్నాడు ఎల్లాజీ. "నేనే రాసినానండి."

"నువ్వే రాసుకున్నావు కదయ్యా మరి" అన్నాడు అధ్యక్షుడు జాలిగా, పత్రిక మూసి అతని చేతికిస్తూ.